పుచ్చు గుళ్ళు

దాలమ్మ ఒడిలో రెండో దోసెడు పోయించింది నీలవేణే.

నరసన్నపేట పొలిమేరలో, పెద్దరోడ్డు పక్కనున్న జగన్నాధం గారి వేరుశెనగ మిల్లులో పొద్దు వాలేసరికి ఆడకూలీలు చేటలు గోడకి ఆనించి తలుపు దగ్గర వరస కట్టేవారు. ఆ రోజు మంచి గుళ్ళలోంచి ఏరి తీసేసినవి అక్కడ ఒక తట్టలో ఉండేవి. ముడుచుకుపోయినవి, తొక్క నల్లబడినవి, బద్ద చీలిస్తే మధ్యలో బూడిదరంగు బూజు కనిపించేవి. గుమస్తా నరసింగరావు కూలితో పాటు మనిషికో దోసెడు ఆ పుచ్చు గుళ్ళు ఒడిలో పోసి పంపేవాడు. అది ఆ మిల్లులో నీలవేణి రాకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ.

ఆవేళ దాలమ్మ చంకలో కూతురుంది. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోవడంతో ఈ పిల్లని తవుడికి అమ్మి కొనుక్కున్నట్టు చేసి తవిటమ్మ అని పేరు పెట్టుకున్నారు. మూడేళ్ళొచ్చినా నడక సరిగ్గా లేదు, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. చూస్తే నీలవేణికి జాలేసింది. ఈవిడకి ఇంకో దోసెడు పొయ్యండని నరసింగరావుతో చెప్పింది. తీసేసిన గుళ్ళకి ఖరీదేముంది కనక, అతను మారుమాట లేకుండా పోశాడు. దోరగా వేయించి, మెత్తగా నూరి ముద్ద చేసి పెట్టమనీ, అంత బలం ఇంకెందులోనూ ఉండదనీ నీలవేణి దాలమ్మకి చెప్పింది. దాలమ్మ ఒడి ముడి వేసుకుంటూ ఆమెకేసి చూసిన చూపు ఆ సాయంత్రమంతా నీలవేణికి హాయిగా గుర్తొస్తూనే ఉంది.

మర్నాటి నుంచి దాలమ్మకి రెండో దోసెడు కూడా ఆనవాయితీ అయిపోయింది.

నీలవేణిది విజయనగరం. కెమిస్ట్రీలో డిగ్రీ అయ్యాక, విశాఖపట్నంలో పిల్లల పోషణ మీద పరిశోధన చేసే ఒక సంస్థలో సహాయకురాలిగా కుదిరింది. పాలు కొనలేని ఇళ్ళలో చిక్కిపోయిన బిడ్డలకి వేరుశెనగ పిండితో ఆహారం తయారుచేసి ఆస్పత్రుల ద్వారా పంచాలని ఆ సంస్థ ప్రయత్నం. అరవై ఎనిమిదిలో సరిగ్గా కాయ పీకే వేళకి తుఫాను పట్టింది. కళ్ళాల్లో తడిసిన కాయ సరిగ్గా ఎండకుండానే బస్తాల్లోకెక్కింది. బస్తాల్లో బూజు పట్టింది. ఆ బూజులో పుట్టే విషాన్ని శాస్త్రవేత్తలు గుర్తించి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. అఫ్లాటాక్సిన్ అని దాని పేరు. వాసన ఉండదు, రుచిలో తేడా ఉండదు, వేయించినా ఉడకబెట్టినా పోదు. మెల్లగా కాలేయాన్ని పట్టుకుంటుంది. అది పిండిలోకి రాకుండా కాయడానికే నీలవేణిని ఈ మిల్లుకి పంపారు.

ఆమె పని బాగా చేసింది. అంతకుముందు ఆడవాళ్ళు నూకలూ, సన్నగుళ్ళూ మాత్రం ఏరి తీసేసేవారు. నీలవేణి వాళ్ళ మధ్య గోనెపట్టా మీద కూచుని, చేటలో గుళ్ళు ఒక్క కుదుపుతో ఎలా తిరగేయాలో, తొక్క మీద చిన్న మచ్చని వెలుగుకి ఎలా పట్టి చూడాలో నేర్పింది. అనుమానమొస్తే తీసెయ్యాలి అనేది. కొన్నాళ్ళకి వాళ్ళ వేళ్ళు కళ్ళకంటే ముందు పసిగట్టేవి. మంచి గుండు బరువుగా, నున్నగా జారుతుంది. చెడ్డది తేలిగ్గా, గరుగ్గా తగులుతుంది. అలా ఏరిన గుళ్ళు ఆడించిన పిండిని మిల్లు వెనక గదిలో ఆమె పరీక్ష చేస్తే విషం జాడ దాదాపుగా కనిపించేది కాదు. పై అధికారి నారాయణమూర్తి గారు విశాఖపట్నం నుంచి జీపులో వచ్చినప్పుడల్లా ఆమెను మెచ్చుకునేవారు.

నెల తిరిగేసరికి దాలమ్మ ఒక రోజు పనికి రాలేదు. సోమవారం వచ్చింది, కూతుర్ని భుజాన వేసుకుని. పిల్లని మూల గోనెల మీద పడుకోబెట్టి చేట అందుకుంది. మధ్యాహ్నం అన్నాల వేళ నీలవేణి అటు వెళ్ళి పిల్ల పక్కన కూచుంది. కాళ్ళూ చేతులూ అలాగే పుల్లల్లా ఉన్నాయి గాని పొట్ట మాత్రం బిగుసుకుని పైకొచ్చింది. కుడిపక్క ప్రక్కటెముకల కింద వేలు ఆనిస్తే గట్టిగా తగిలింది, పిల్ల మూలిగింది. నీలవేణి కంటిరెప్ప పైకెత్తి చూసింది. తెల్లగుడ్డు పసుపు రాసినట్టుంది.

ఏం తింటోందని అడిగింది.

"తమరు సెప్పిన కాడ్నుంచి మూడు పూటలా ఆ గుళ్ళ ముద్దేనమ్మగోరు" అంది దాలమ్మ. "సోడంబలి ముట్టదు. ఆ ముద్దకే అలవాటు పడిపోనాది. బలమొస్తాదని నానూ మానిపించనేదు. ఇప్పుడేటో నాల్రోజుల్నుంచి అదీ తినట్నేదు."

నీలవేణి లేచి వెనక గదిలోకి వెళ్ళింది. మళ్ళీ బయటికొచ్చి, తలుపు దగ్గరి తట్టలోంచి గుప్పెడు గుళ్ళు తీసుకుని లోపలికెళ్ళి గడియ వేసుకుంది.

రోజూ చేసే పనే. రోట్లో వేసి నలిపింది. సీసాలో క్లోరోఫారం పోసి చేతులు నొప్పెట్టేదాకా కుదిపింది. వడకట్టి, గిన్నెలో ఇంకించి, అడుగున మిగిలిన జిడ్డుని చుక్క చుక్కగా తెల్లపొడి పూసిన గాజు పలక మీద పెట్టింది. పలకను ద్రావకం పోసిన జాడీలో నిలబెట్టి, తడి పైదాకా పాకే వరకు స్టూలు మీద కూచుంది. పిండి పరీక్షప్పుడు ఆ వ్యవధిలో ఆమె పత్రిక చదువుకునేది. ఇవాళ జాడీ కేసే చూస్తూ కూచుంది. తరవాత కిటికీ మూసి, నల్లగుడ్డ దించి, ఊదారంగు దీపం వేసింది.

పిండిని పెట్టిన పలకలు ఈ దీపం కింద చీకటిగా ఉండిపోయేవి. ఎప్పుడైనా విషం సన్నటి నీలం చుక్కగా మెరిస్తే ఆ బస్తా వెనక్కి పంపేది. ఇప్పుడు పలక అడ్డంగా నీలం వెలుగు పట్టీలా పరుచుకుంది. చుక్కలు విడివిడిగా కూడా లేవు. ఆ వెలుగులో తన వేళ్ళ గోళ్ళు కనిపించాయి.

ఆశ్చర్యపోవడానికి అందులో ఏమీ లేదు. మంచి గుళ్ళలోంచి విషాన్ని తీయించిందే తను. తీసింది ఎక్కడికో పోవాలి కదా. ఆ తట్టను ఆమె రోజూ చూసింది. చూసినప్పుడల్లా, ఇంత చెడ్డ సరుకు పిండిలోకి పోకుండా ఆగింది కదా అని సంతోషించింది. అదే గుళ్ళు కూలీల ఒడుల్లోకి పోవడమూ రోజూ చూసింది. తెలియక చేసిందని తనకి తాను చెప్పుకోబోయింది. తెలియకపోవడమేమిటి? ఈ జిల్లాలో తనకి తెలిసినంతగా ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎవరున్నారు? తన ఏరివేత పద్ధతి రాకముందు ఆ తట్టలో చాలామటుకు నూకలూ సన్నగుళ్ళే ఉండేవి, తిన్నా పెద్దగా ముప్పు ఉండేది కాదు. తను వచ్చాక తట్ట నిండా విషమే.

దీపం ఆర్పేసి కూడా చాలాసేపు ఆమె కిటికీ తెరవలేదు.

మర్నాడు నారాయణమూర్తి గారి జీపు వచ్చింది. నీలవేణి పలకను చూపించింది. పిల్ల సంగతీ, రెండో దోసెడు సంగతీ చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకుంటూ విన్నారు. చెడ్డ మనిషి కాదు. ఎండనక వాననక తిరిగి, ఆస్పత్రుల్లో పిల్లలు చచ్చిపోవడం చూసి, ఆ పిండి కోసం జుట్టు నెరిపించుకున్నవాడు.

"ఏరినంత మాత్రాన విషం పోదమ్మా. ఒకచోటికి చేరుతుంది. నీకు తెలియనిదేముంది" అన్నారు.

ఆ తరవాత ఆయన చెప్పినవన్నీ నిజాలే. ఈ మాట బయట పొక్కితే వేరుశెనగ పేరెత్తితేనే జనం భయపడతారు, వర్తకులు సరుకివ్వరు, పిండి ఆగిపోతుంది. పిండి ఆగితే ఎంతమంది బిడ్డలు పోతారో నీలవేణికీ తెలుసు. తీసేసిన సరుకు మిల్లువాళ్ళది, దాన్ని ఏం చేసుకోవాలో చెప్పే హక్కు సంస్థకి లేదు. వచ్చే సమావేశంలో తప్పకుండా ప్రస్తావిస్తానన్నారు. ఈలోగా పిల్లని శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నారు. వెళ్ళబోతూ జీపులోంచి పిండి పొట్లం ఒకటి తీసి, ఆ పిల్లకి పెట్టించమని నీలవేణి చేతికిచ్చారు. ఇస్తున్నప్పుడు ఆమె ముఖంలోకి చూడలేదు.

బుధవారం పొద్దున్నే దాలమ్మనీ పిల్లనీ తీసుకుని నీలవేణి బస్సెక్కింది. ఆస్పత్రి వరండాలో చాలాసేపు కూచున్నారు. పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి, రెప్పలు సగం మూసి, ఈగలు వాలినా కదలకుండా ఉంది. వంతు వచ్చాక డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, కళ్ళు చూశాడు, గోళ్ళు చూశాడు. చిన్నవాడు, అలిసిపోయి ఉన్నాడు. కాలేయం బాగా వాచిందన్నాడు. పిల్లకి ఏం పెడుతున్నారని అడిగాడు.

"వేరుశెనగ గుళ్ళండి" అంది నీలవేణి. "బూజు పట్టినవి."

అతను తలెత్తాడు. బూజు పట్టినవి పిల్లకి పెట్టమని ఎవరు చెప్పారని అడిగాడు.

నీలవేణి నోరు తెరిచింది. మెడలో పరిశోధన సంస్థ బిళ్ళ ఉంది, చేతిలో దాలమ్మకి ఇవ్వాల్సిన పిండి పొట్లం ఉంది.

"ఎవులూ సెప్పనేదు బాబూ" అంది దాలమ్మ. "నానే పెట్టినాను. గుంట ఆకలని ఏడిస్తే సూడనేక పెట్టినాను."

డాక్టరు దాలమ్మని తిట్టాడు. కన్నతల్లివేనా అన్నాడు. పశువు కూడా వాసన చూసి వదిలేసేది బిడ్డ నోట్లో పెడతావా అన్నాడు. దాలమ్మ పిల్ల జుట్టు సవరిస్తూ తలొంచుకుని వింది. పక్కనున్న రోగులు వింతగా చూశారు. నీలవేణి కిటికీ ఊచల కేసి చూస్తూ నిలబడింది. అతను తిట్టడం ఆపి మందు రాయడం మొదలుపెట్టాక, ఇక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఈ జబ్బుకి సూటైన మందు లేదనీ, ఆ గుళ్ళు మాన్పించి పాలూ, గంజీ, పంచదార నీళ్ళూ పట్టమనీ, కాలేయం కోలుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేననీ డాక్టరు అన్నాడు.

తిరుగు బస్సులో పిల్ల నిద్రపోయింది. వంశధార వంతెన దాటుతుంటే నీలవేణి అడిగింది, డాక్టరుతో అలా ఎందుకు చెప్పావని.

"తమరి ఉజ్జోగానికేటైనా అవుద్దేమోనని" అంది దాలమ్మ. "తమరేటి కావాలని సెప్పినారా. తెలీక సెప్పినారు. మంచికే సెప్పినారు."

"నాకు తెలుసు దాలమ్మా."

దాలమ్మకి అర్థం కాలేదు. నీలవేణి మొదటినుంచీ చెప్పింది. బూజు సంగతి, విషం సంగతి, మిల్లు వెనక గదిలో తను రోజూ చేసేది ఏమిటో, చెడ్డవాటిని ఎందుకు ఏరి తీసెయ్యమన్నదో. అన్నీ తెలిసి కూడా రెండో దోసెడు తనే పోయించానంది. దాలమ్మ బస్సు కుదుపులకి పిల్ల తల ఊగకుండా అరచెయ్యి అడ్డం పెట్టి వింటూ కూచుంది.

"తెలిస్తే మరెందుకు సెప్పినారు?" అని అడిగింది చివరికి. కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

దాలమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నరసన్నపేటలో దిగేటప్పుడు నీలవేణి పిండి పొట్లం అందిస్తే తలెత్తకుండా తీసుకుంది.

గురువారం పని మొదలు కాకముందే నీలవేణి ఏరుడు పాకలో నిలబడి అందరికీ చెప్పింది. తట్టలో గుళ్ళు ఎవరూ తినకూడదనీ, పిల్లలకి అసలే పెట్టకూడదనీ, వేయించినా విషం విషమేననీ. వాళ్ళలో పెద్దది కూర్మమ్మ. ఆమె అడిగింది.

"అయితే అమ్మగోరూ, మంచియ్యన్నీ ఏరి మేం ఎవులికి పంపుతన్నట్టు?"

"జబ్బు పడ్డ పిల్లలకి. ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళకి."

కూర్మమ్మ తల ఊపింది. చేట అందుకుంది. మిగతావాళ్ళూ అందుకున్నారు.

జగన్నాధం గారితో చెప్పడానికి ఆమె చాలా మాటలు కూడదీసుకుంది. ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన శ్రద్ధగా విన్నాడు, పాపం పుణ్యం తెలిసినవాడిలా నాలిక కరుచుకున్నాడు, ఇవాళ్టి నుంచి ఒక్క గుండు కూడా ఎవరి ఒడిలోనూ పోయించనన్నాడు. ఆ దోసెడుకి బదులు కూలిలో ఏమైనా కలిపి ఇవ్వమని ఆమె అడిగింది. చూద్దాంలే అన్నాడు. ఇంత సులువుగా అయిపోయిందేమిటని నీలవేణికి ఆ రోజంతా మనసు తేలికపడింది.

శుక్రవారం సాయంత్రం పాక వెనక ఎడ్లబండి ఆగింది. నరసింగరావు దగ్గరుండి పుచ్చు గుళ్ళ బస్తాలు ఎక్కిస్తున్నాడు. ఎక్కడికని అడిగితే నూనె మిల్లుకన్నాడు. నీలవేణి జగన్నాధం గారి గదిలోకి వెళ్ళింది. ఆయన నవ్వుతూ, విషం నూనె తీశాక మిగిలే తెలగపిండిలో ఉండిపోతుంది గాని నూనెలోకి అంతగా దిగదని మీ సారే చెప్పారమ్మా అన్నాడు. ఇన్నాళ్ళూ ఊరికే ధర్మానికి పోసేశాం, నీ పుణ్యమా అని కళ్ళు తెరుచుకున్నాయన్నాడు. కూలి మాట ఆమె మళ్ళీ ఎత్తింది. పంట తడిసి అందరం నష్టపోయిన ఏడాది ఇలాంటివి అడక్కూడదన్నాడు. ఆ తెలగపిండి ఎవరి గేదె తింటుందో, ఆ గేదె పాలు ఎవరింటికి పోతాయో అడగబోయి ఆమె ఊరుకుంది. నారాయణమూర్తి గారు అందుకేం చెబుతారో ఆమెకి ముందే తెలుసు.

ఆడవాళ్ళు ఆ సాయంత్రం ఖాళీ ఒడులతో ఇంటికెళ్ళారు. తలుపు దగ్గర తట్ట ఉండేచోట అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచారు.

శనివారం మధ్యాహ్నం జగన్నాధం గారు నీలవేణిని పిలిపించారు. పుచ్చు గుళ్ళ బస్తా తూకంలో తేడా వస్తోందట. పుచ్చువి పోయడం లేదని దొంగతనంగా ముడి వేసుకుపోతున్నారని నరసింగరావు అనుమానం. ఈ సాయంత్రం నుంచి గేటు దగ్గర మనిషి మనిషినీ తడిమి చూసి పంపాలి.

"మగోడు సెయ్యేస్తే బాగుండదు కదమ్మా" అన్నాడాయన. "నువ్వయితే ఆడపిల్లవి, నువ్వంటే ఆళ్ళకి గౌరవం. విషమని సెప్పిందీ నువ్వే. మన కళ్ళు కప్పి తీసుకెళ్ళి పిల్లలకి పెట్టుకుంటే ఆ పాపం ఎవరికి?"

నీలవేణి ఒప్పుకుంది. తట్టలో గుళ్ళు ఎవరి ఇంటికీ పోకూడదని కోరుకున్నది తనే. ఆ విషం మళ్ళీ ఏ పిల్ల నోట్లోకో పోతుంటే గేటు దగ్గర నిలబడి ఆపడం మంచి పనే. సాయంత్రం ఆమె గేటుకి ఆనుకుని నిలబడింది. కాస్త దూరంలో కుర్చీ వేయించుకుని జగన్నాధం గారు కూచున్నారు.

ముందు కూర్మమ్మ వచ్చింది. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పకుండానే చేతులు రెండూ పైకెత్తింది. తన తల్లి వయసు మనిషి. నీలవేణి ఆమె నడుము చుట్టూ చేతులు పోనిచ్చి, కొంగు దులిపి, కుచ్చెళ్ళు తడిమి చూసింది. ఏమీ లేదు. కూర్మమ్మ కొంగు సర్దుకుని, వెనక్కి చూడకుండా రోడ్డెక్కింది. తరవాత జగ్గమ్మ. ఆమె దగ్గరా ఏమీ లేదు, కాని ఆమె ఏడుస్తోంది.

మూడోది దాలమ్మ. బస్సు దిగిన దగ్గర్నుంచి ఆమె నీలవేణి వైపు తలెత్తి చూడలేదు. ఇప్పుడు చూసింది. చేతులెత్తి నిలబడింది.

నడుము వెనక, చీర మడతలో ముడి తగిలింది. పుచ్చు గుళ్ళే అనుకుంది నీలవేణి. ఇన్ని చెప్పాక కూడా, ఆ పిల్ల అలా పడున్నాక కూడా. ముడిని గుడ్డ మీంచే వేళ్ళతో నొక్కింది.

గుళ్ళు వేళ్ళ కింద జారాయి. బరువుగా, నున్నగా, నిండుగా ఉన్నాయి. ఎక్కడా గరుకు లేదు. ఒక్క ముడుచుకున్న గుండు లేదు. మళ్ళీ నొక్కింది. పిండికి పోవాల్సిన బస్తాలోంచి, అందులోనూ ఎంచి ఎంచి తీసినవి. విప్పి చూడాల్సిన అవసరం లేకపోయింది.

దాలమ్మ కళ్ళు దించలేదు. బతిమాలలేదు కూడా.

నీలవేణి ముడి బయటికి ఉబ్బెత్తుగా కనిపిస్తోందేమోనని చీర మడత కొంచెం పైకి లాగి సర్దింది. పిల్ల ఎలా ఉందని మెల్లగా అడిగింది.

"కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి" అంది దాలమ్మ. "నిన్న లేసి కూకున్నాది."

బతుకుతుందని గాని, బాగవుతుందని గాని నీలవేణి అనలేకపోయింది. అలాంటి మాటలు చెప్పే అర్హత తనకి పోయింది. కొంచెం పక్కకి జరిగి దారిచ్చింది. దాలమ్మ తొందరపడకుండా, రోజూ నడిచినట్టే నడిచి గేటు దాటింది.

"ఏటైనా దొరికిందా అమ్మా?" అని కుర్చీలోంచి అడిగాడు జగన్నాధం.

సోమవారం తూకం వేస్తే తేడా వస్తుంది. పిండికి పోయే బస్తాలో వస్తుంది. ఈసారి నారాయణమూర్తి గారు కూడా అడుగుతారు. ఆమె అవన్నీ ఆలోచించింది.

"ఏమీ లేదండి" అంది.

తరవాతి మనిషి చేతులెత్తుకుని ముందుకొచ్చింది. నీలవేణి ఆమె నడుముకి రెండు చేతులూ ఆనించి, ఏ ముడి మీదా ఒత్తిడి పడకుండా వెనక్కి తీసుకుని, వెళ్ళమంది.